పెళ్ళిపందిట్లో పన్నెండో గడ

ఆ శనివారం పొద్దున ఎవెరాల్దు మూడు పనులు పెట్టుకున్నాడు. బంకుకి వెళ్ళి కార్లో ఆల్కహాలు పోయించుకోవాలి, క్షవరం చేయించుకోవాలి, మధ్యాహ్నం అపార్ట్‌మెంట్‌లో జరిగే జూన్ పండుగకి ఒంట్లో బాగాలేదని చెప్పి సోఫాలో పడుకోవాలి. నాలుగో పని కూడా ఉంది కానీ అది ఎవరికీ తెలియకూడదు. రెండు గంటలకోసారి బట్టలుతికే వరండాలోకి వెళ్ళి, వాషింగ్ మెషీను వెనకాల తడిదుప్పటి చుట్టి నిలబెట్టిన పన్నెండు చెరకు గడల మీద నీళ్ళు చల్లి రావాలి.

పిరసికాబాలో ఇంట్లో చెరకు ఉండటం నేరమేమీ కాదు. ఊరు దాటి ఎటు చూసినా చెరకే. కానీ ఈ పన్నెండూ ఎవెరాల్దు పనిచేసే పరిశోధన సంస్థవి. ఏడేళ్ళ కష్టం. మామూలు చెరకుని మిల్లులో పిండితే రసం ఆల్కహాలవుతుంది, పిప్పి బాయిలర్లోకి పోతుంది. ఈ చెరకులో ఆ పిప్పి కూడా చక్కెర కావాలి. అందుకని ఒక బూజులోంచి తీసిన జన్యువుని గడలో పెట్టారు. దానివల్ల తయారయ్యే ఎంజైము చెరకు పెరిగినంతకాలం నిద్రపోతుంది. కోసి వేడిచేస్తే లేచి పీచునంతా కరిగించి చక్కెర చేస్తుంది. అదే పొలంలో ఒకటిన్నర రెట్లు ఆల్కహాలు పండుతుంది, బంకులో ధర దిగొస్తుంది.

కాగితం మీద అంతా బాగానే ఉంది. ఎంజైమే లేవడం లేదు. గడని ఎండబెట్టి, పొడికొట్టి, ఓవెన్లో పెట్టి, రెండేసి గంటల చొప్పున మూడేళ్ళు వేడిచేశారు. అది సోమవారం పొద్దున బడికి లేవమన్న పిల్లాడిలా అటు తిరిగి పడుకుంది. "ఈ పన్నెండు గడలతో ఆఖరు, ఎవెరాల్దూ," అని డైరెక్టరు గ్లౌస్యా చెప్పేసింది.

ఆ ఆఖరు దాకా వెళ్ళాలన్నా ముందు తనిఖీ దాటాలి. సోమవారం తొమ్మిదింటికి రాజధాని బ్రసీలియా నుంచి ఎం. ఎఫ్. బారోస్ అనే అధికారి వచ్చి గడలు లెక్కపెడతాడు. ఒక్కటి తగ్గినా పద్నాలుగో నియమం ప్రకారం పొలాన్ని మోళ్ళతో సహా తవ్వి తగలబెడతారు, ఏడేళ్ళూ బూడిదే. బారోస్‌ని ఎవెరాల్దు ఎప్పుడూ చూడలేదు. ఆరేళ్ళలో నలభై ఒక్క ఉత్తరాలు అందుకున్నాడు. వాటిని బట్టి బక్కపలచటి మనిషి, ముక్కు కొసన కళ్ళజోడు, పంచదార లేని కాఫీ అని లెక్కేసుకున్నాడు.

ఇంతలో శుక్రవారం సాయంత్రం సంస్థలో కోల్డ్ రూము చెడిపోయింది. మెకానిక్కు పండుగ అయితేగానీ రానన్నాడు. గడలు వాడిపోతాయన్న భయంతో ఎవెరాల్దు వాటిని కారు వెనక సీటు మీద పడుకోబెట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. ఇంటికి తీసుకెళ్ళకూడదని నియమాల పుస్తకంలో ఎక్కడా లేదు. అలాంటి పని ఒకడు చేస్తాడని అది రాసినవాళ్ళకి తట్టలేదు.

బంకులో పెద్ద వరస ఉంది. కార్లన్నీ రెండూ తాగుతాయి కాబట్టి, ఆల్కహాలా పెట్రోలా అన్నది తేల్చుకోవడానికి అందరూ ఫోన్లు తీసి భాగహారాలు చేస్తున్నారు. ఆల్కహాలు ధర పెట్రోలు ధరలో డెబ్భై శాతం లోపుంటే ఆల్కహాలు. ముందు కార్లోని ఆవిడ, వచ్చిన జవాబు నచ్చక మూడోసారి చేస్తోంది.

"ఏం డాక్టరు గారూ, మీ చెరకు ఎంతవరకొచ్చింది?" అన్నాడు బంకు ఓనరు అర్లిందు. అతనిదీ అదే అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. "ధర తగ్గుద్ది, తగ్గుద్ది అంటా ఏడేళ్ళయింది. నా జుట్టు తగ్గింది గానీ ధర తగ్గలా."

"వస్తోంది, అర్లిందు గారూ."

"వచ్చేసరికి నేనుండాలిగా. సాయంత్రం ఉంటారా? ఈసారి పండుగలో ఆడే ఉత్తుత్తి పెళ్ళికి చర్చి ఫాదరు వేషం నాదే."

"ఒంట్లో బాగాలేదండీ," అన్నాడు ఎవెరాల్దు ముందుగానే.

క్షవరం అయ్యి ఇల్లు చేరేసరికి పన్నెండయింది. తిన్నగా వరండాలోకి వెళ్ళాడు. మెషీను వెనకాల నేల శుభ్రంగా, తడి లేకుండా ఉంది. దుప్పటి తీగ మీద ఆరుతోంది.

"అత్తయ్యా!" అని కేకేశాడు.

అత్తగారు దోనా ఒదీల్యా వంటింట్లోంచి మొక్కజొన్న పిండి చేతుల్తో వచ్చింది. ఆవిడ బి బ్లాకులో వేరే ఉంటుంది గానీ తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గర ఉంటుంది. పండుగ అలంకరణ సంఘానికి ఆవిడే పెద్ద.

"దుప్పటి గురించేనా? ఉతికేశాను. నా పెళ్ళినాటి దుప్పటయ్యా అది. దాంతో చెరకు చుడతావా?"

"చెరకేదీ?"

"ఇప్పుడే కింద అందరికీ చెప్పొచ్చాను. మా అల్లుడు ఏడేళ్ళుగా చెరకాఫీసులో పనిచేస్తున్నాడు, ఒక్కరోజు ఒక్క ముక్క ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు, ఇవాళ ఏకంగా పన్నెండు గడలు! అదీ చెప్పకుండా, మెషీను వెనక దాచిపెట్టి, నన్ను ఆశ్చర్యపరుద్దామని!" ఆవిడ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "నీమీద నాకు వేరే అభిప్రాయం ఉండేది, నాయనా. పోనీలే ఇప్పుడెందుకు."

"అత్తయ్యా, చెరకెక్కడుంది?"

"పందిరేశాం."

ఎవెరాల్దు భార్య జనీరా వైపు తిరిగాడు. ఆమె అద్దం ముందు కూచుని పండుగ వేషానికి బుగ్గల మీద కాటుకతో చుక్కలు పెట్టుకుంటోంది.

"నువ్వైనా ఆపొద్దా?"

"ఆపడానికి అదేంటో నాకు తెలియాలిగా. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. పదకొండేళ్ళుగా ఈ సంసారం ఇలాగే నడుస్తోంది. ఒంట్లో బాగాలేదన్నావు, పడుకో."

ఎవెరాల్దు పడుకోలేదు. నాలుగంతస్తులు మెట్ల మీదే దిగాడు.

పెరట్లో రంగుకాగితాల జెండాల కింద పందిరి తయారుగా ఉంది. అటు అయిదు గడలు, ఇటు అయిదు, పైన అడ్డంగా ఒకటి. ప్రతి గడకీ సంస్థ కట్టిన పసుప్పచ్చ నంబరు చీటీ అలాగే ఉంది. పసుపు పండుగ రంగేనని అత్తగారు ఉంచేసింది. పదకొండు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ పదకొండే.

ఇది ప్రయోగపు చెరకు, జన్యువు మార్చింది, ముట్టుకోకండి అని ఆ క్షణాన చెప్పేస్తే సరిపోయేది. కానీ అరవై నాలుగు ఫ్లాట్లకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. కిందటి నెల లిఫ్టులో ఎవరిదో మేజోడు దొరికితే రెండు వందల పది మెసేజిలు వచ్చాయి. జన్యువంటే సాయంత్రానికి రేడియోలో వస్తుంది. అందుకని ఎవెరాల్దు అబద్ధమాడటానికి నిశ్చయించుకున్నాడు. దాంట్లో అతనికి అనుభవం తక్కువ.

"ఈ గడలకి పురుగుంది," అన్నాడు పందిరి పట్టుకుని ఊపుతూ. "తీసేసి బయట పారేస్తాను."

అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు జువేన్స్యు నెగడుకి యూకలిప్టస్ దుంగలు పేరుస్తున్నాడు. దట్టమైన మీసాల మనిషి. ఎవెరాల్దు కారు ఆయన పార్కింగులోకి జానెడు వస్తుందని రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు, నోటీసులే.

"పురుగైతే పారేయడం దేనికి?" అన్నాడు ఆయన, ఎవెరాల్దుతో కాదు, దుంగలతో. "పొగ పెడితే పోతుంది. ఎత్తండర్రా పందిరి! నెగడు పక్కకి!"

ఆరుగురు కలిసి పందిరి ఎత్తి, నెగడుకి రెండు బారల దూరంలో దింపారు. ఒంటిగంటకి నిప్పంటించారు. తీపిదుంపలు కాల్చాలి కాబట్టి మంట ఎగదోయకుండా నిదానంగా కానిచ్చారు.

ఎవెరాల్దు గడ మీద చెయ్యేసి చూశాడు. వెచ్చబడుతోంది.

"అత్తయ్యా, వేడికి ఎండి పుటుక్కున విరిగి ఎవరి నెత్తినైనా పడతాయి. నేను తీసుకెళ్ళి కుళాయి కింద తడిపి తెస్తాను."

"నువ్వెందుకు మోయడం? అసలే ఒంట్లో బాగాలేదంటున్నావ్!" దోనా ఒదీల్యా చప్పట్లు కొట్టింది. "గోనెలు తడిపి చుట్టండమ్మా గడలకి! అరగంటకోసారి బకెట్టెడు నీళ్ళు! ఎవరెప్పుడు పోయాలో గ్రూపులో పెట్టండి! మా అల్లుడు చెప్పాడు!"

గ్రూపులో పెట్టారు. ఒకటిన్నరకి ఫ్లాటు నంబరు మూడు వందల రెండు, రెండింటికి నూట నాలుగు, రెండున్నరకి అర్లిందు. పోసినట్టు రుజువుగా ఎవరికి వాళ్ళు ఫొటో తీసి పెట్టాలని కూడా రాశారు. ఎవెరాల్దు కుర్చీ తెచ్చుకుని పందిరికెదురుగా కూచున్నాడు. గడలకి ఎంత వేడి తగిలిందో తెలుసుకోవాలనిపించి ఇంట్లోంచి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చాడు. గోనె సందులో దూరిస్తే అది నలభై రెండు దాటి ఊరుకుంది, ఆ పైన దానికి అంకెల్లేవు. అల్లుడికి జ్వరం నలభై రెండు దాటిందని బి బ్లాకంతా పాకింది. ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నుదురు ముట్టుకుని చూసి వెళ్ళారు.

నాలుగింటికి మరో కబురొచ్చింది. పెళ్ళికొడుకు వేషం వేయాల్సిన పళ్ళ డాక్టరు, మొక్కజొన్న పాయసం డేగిసా ఎత్తబోయి నడుం పట్టేసి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఉత్తుత్తిదైనా పెళ్ళి లేకుండా జూన్ పండుగ అవదు. పెళ్ళికూతురికి నెలలు నిండి ఉండాలి, పెళ్ళికొడుకు పారిపోవాలి, పోలీసు పట్టుకొచ్చి తుపాకీ చూపించి తాళి కట్టినంత పని చేయించాలి, ఫాదరు తొందరపెట్టాలి.

"ఎవరు వేస్తారు? ఎవరు?" అంటూ అర్లిందు నల్లంగీలో పెరడంతా తిరుగుతున్నాడు. పందిరి పక్కనే దీనంగా నిలబడ్డ మనిషి కనిపించాడు. "ఇదిగో! ముఖం చూడండి! అచ్చం పెళ్ళి ఇష్టం లేని మొహం!"

ఎవెరాల్దు కాదనబోయి ఆగాడు. పెళ్ళికొడుకు పందిట్లో నిలబడతాడు. పెళ్ళికొడుకు పారిపోవాలి. గడ చంకలో పెట్టుకుని పారిపోతే అడిగేవాడెవడు? పొద్దుటి నుంచీ వచ్చిన ఆలోచనల్లో ఇదొక్కటే తెలివైనదిగా కనిపించింది. గళ్ళ చొక్కా, గడ్డి టోపీ వేసుకున్నాడు.

పెళ్ళికూతురు జువేన్స్యు. తొమ్మిదేళ్ళుగా ఆయనే. ఆ అపార్ట్‌మెంట్లో పోటీ లేకుండా దక్కే పదవులు రెండే, రెండూ ఆయనవే. తెల్లగౌను కింద దిండు కట్టుకున్నాడు, మీసం మాత్రం తీయలేదు. మేలిముసుగు లోంచి ఎవెరాల్దుని చూసి, రెండేళ్ళలో మొదటిసారి మాట్లాడాడు.

"జానెడు."

"ఇప్పుడా, జువేన్స్యు గారూ?"

"కడుపుతో ఉన్నదాన్ని. నిలబెట్టి మాట్లాడించకు."

పోలీసు వేషం ఆయన మరదలు మరిల్దాది. బ్రసీలియా నుంచి అక్కగారింటికి పండుగకి వచ్చింది. గుండ్రటి మనిషి, మసితో దిద్దిన మీసం, రొమ్ము మీద తగరపు నక్షత్రం, పెరడంతా వినబడే నవ్వు. భుజాన తుపాకీ ఉంది. ఆ తుపాకీకి పసుప్పచ్చ చీటీ కట్టి ఉంది. దాని మీద పన్నెండు అని రాసి ఉంది.

ఎవెరాల్దు ప్రాణం లేచొచ్చింది. గడలన్నీ ఉన్నాయి!

అకార్డియన్ మొదలవగానే ఎవెరాల్దు పక్క గడ ఒకటి ఊడబీక్కుని పరుగెత్తాడు. గేటు దాకా వెళ్ళాడు. గేటు తాళం ప్రెసిడెంటు గౌను జేబులో ఉంది. మరిల్దా కాలరు పట్టుకుని, గడతో సహా వెనక్కి తెచ్చింది. జనం ఈలలేశారు. గడని మళ్ళీ పందిరికి కట్టేశారు.

రెండోసారి వేరే గడ లాగాడు. ఈసారి గరాజులోకి దిగాడు. కారు డిక్కీ మూత పడకముందే మళ్ళీ దొరికాడు.

"ఈ యేడు పెళ్ళికొడుకు ఎంత బాగా చేస్తున్నాడో!" అంది మూడు వందల రెండు. "కళ్ళల్లో నిజంగా భయం ఉంది చూడు. పళ్ళ డాక్టరుకి పారిపోవడంలో మనసుండేది కాదు."

"మా ఇంట్లో ఇంత చురుగ్గా ఉండడు," అంది జనీరా.

మూడోసారి గడ లేకుండానే పరుగెత్తి పాయసం కొట్టు వెనకాల నక్కాడు. మరిల్దా అక్కడికీ వచ్చింది. పరుగెత్తి అలిసిపోయిందేమో, నేల మీద చతికిలబడి, తుపాకీ కొస పంటితో చీల్చింది.

"దొరికావురా పెళ్ళికొడకా!"

"అయ్యో, తినకండి! దాన్ని తినకండి మేడమ్!"

"ఏం, మందు కొట్టారా?"

"కాదండీ. అది ప్రయోగపు చెరకు. జన్యువు మార్చింది. ఇది నాటకం కాదు, నేను నిజంగానే పారిపోతున్నాను."

మరిల్దా నమలడం ఆపింది. తర్వాత, అప్పటికే నోట్లో ఉంది కాబట్టి, మళ్ళీ నమిలింది.

"మొత్తం ఎన్ని గడలు?"

"పన్నెండు."

"కోల్డ్ రూము లాంటిదేమీ లేదా మీకు?"

"నిన్న ఆరింటికి పాడైంది."

"ఎవరికైనా తెలియజేశావా? రాతపూర్వకంగా?"

ఆవిడ పోలీసు వేషంలోంచి బయటికి రాకుండా ఎంత ఓపిగ్గా అడుగుతోందో చూసి ఎవెరాల్దుకి గుండె కరిగిపోయింది. పొద్దుటి నుంచీ అతని గోడు విన్న మొదటి మనిషి.

"ఎవరికి చెప్పమంటారు? సోమవారం తనిఖీకి ఒకడొస్తాడు, బారోస్ అని. మనిషిని చూడలేదు గానీ నాకు తెలుసు. నలభై ఒక్క ఉత్తరాలు రాశాడండీ నాకు. ఒక్కదాన్లో నమస్కారం లేదు! తిన్నగా 'మూడో పేరా ప్రకారం' అని మొదలెడతాడు. వాడికి నా అన్నవాళ్ళు ఉండరని నా నమ్మకం. శని ఆదివారాలు కూడా ఉత్తరాలు రాస్తాడు."

"శని ఆదివారాలా?"

"తేదీలు చూశాను."

"పని ఎక్కువేమో పాపం."

"మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అనుకుంటున్నారు."

మరిల్దా చేతిలోని గడని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇప్పుడు పదకొండూ ముప్పావు ఉన్నాయన్నమాట," అంది. లేచి గౌరవంగా అతని కాలరు పట్టుకుంది. "పద. ముందు పెళ్ళి కానీ."

అయిదు దాటింది. చలి మొదలైంది, అందరూ నెగడు చుట్టూ మూగారు. ఫాదరు అర్లిందు గొంతు సవరించుకున్నాడు.

"ఎవెరాల్దూ! ఈ సాధ్విని, ఈ మహాతల్లిని, ఈ దిండుకి తండ్రివై..." అని ఆగి బట్టతల తడుముకున్నాడు. పైకి చూశాడు. ఆకాశంలో మబ్బు లేదు. "తండ్రివై, కలిమిలో, లేమిలో, పార్కింగులో..." ఈసారి చుక్క ముక్కు మీద పడింది. వేలితో తీశాడు. వేలు ముక్కుకి అంటుకుపోయింది.

పైనున్న అడ్డగడ మెల్లగా, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా, మధ్యలో కిందికి వంగింది. తర్వాత కుడివైపు అయిదు మోకాళ్ళు మడిచాయి. తర్వాత ఎడమవైపు అయిదు. పందిరంతా, జెండాలూ గోనెలూ చీటీలతో సహా, ఉడికిన సేమ్యాలా పెళ్ళికూతురి నెత్తిన కూచుని, భుజాల మీదుగా నేల మీదికి జారింది.

చప్పట్లు మొదలై అయిదు నిమిషాల దాకా ఆగలేదు. ఇంత ఏర్పాటు ఎప్పుడు చేశారా అని ఒకరినొకరు అడుగుతున్నారు.

దోనా ఒదీల్యా ముందుకొచ్చి, ప్రెసిడెంటు భుజం మీద వేలుపెట్టి నాలికకి రాసుకుంది.

"పాకం," అంది. "తీగపాకం."

ఎవెరాల్దు మోకాళ్ళ మీద కూలబడి ఆ ముద్దని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. వేళ్ళతో లాగాడు, పిసికాడు, వెతికాడు.

"పీచు లేదు!" అన్నాడు. తర్వాత అరిచాడు. "పీచు లేదు! లేచింది! పీచు లేదు!" ఎదురుగా ఉన్న మనిషిని కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్నది జువేన్స్యు.

"మా పెళ్ళిలో కూడా ఇంత సంతోషపడలేదు," అంది జనీరా పక్కావిడతో.

అప్పటికే జనం మొక్కజొన్న కుడుముల్లాంటి పమోన్యాలు తుంచి పాకంలో అద్దుకు తింటున్నారు. ఎవెరాల్దు ఇంకా పీచు కోసమే వెతుకుతున్నాడు. నూట నలభై మంది తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక్క జువేన్స్యుకి తప్ప. ఆయనకి ముందునుంచీ షుగరుంది.

మరిల్దా రుమాలుతో మీసం తుడిచేసుకుంది. సంచీలోంచి కళ్ళజోడు తీసి ముక్కు కొసన పెట్టుకుంది. తర్వాత ఒక పుస్తకం, పెన్ను తీసింది.

"ఎం. ఎఫ్. బారోస్," అంది. "మరిల్దా ఫెర్నాందా." ఎవెరాల్దు టోపీ దానంతటదే కింద పడింది. ఆవిడ వంగి, తీసి అతని చేతికిచ్చింది. "నమస్కారం. ఆరేళ్ళుగా మిగిలిపోయింది."

"నువ్వు గవర్నమెంట్లో ఏదో మొక్కల ఉద్యోగం అనుకున్నాను గానీ..." అన్నాడు జువేన్స్యు, గౌనులోంచి జారిపోతున్న దిండుని పట్టుకుంటూ.

డైరెక్టరు గ్లౌస్యాకి ఫోన్ చేస్తే ఇంటి చెప్పులతోనే వచ్చేసింది. సంఘం గదిలో బల్ల చుట్టూ కూచున్నారు. బల్ల మీద పన్నెండు పసుప్పచ్చ చీటీలు జిగటగా వరసలో ఉన్నాయి.

"చీటీలు పన్నెండూ ఉన్నాయి," అంది మరిల్దా. "గడల్లో మిగిలింది పన్నెండోదాని ముప్పావే. పద్నాలుగో నియమం."

ఎవెరాల్దు తల వంచుకున్నాడు. "తగలబెట్టండి, మేడమ్. తప్పు నాది. ఎంజైము పనిచేస్తుందని చూశాను, చాలు."

"తొందరపడకు. పద్నాలుగో నియమం ప్రకారం, పోయిన ప్రతి ముక్కా ఎక్కడికి పోయిందో నేను రాయాలి. పన్నెండో గడ కొస ఎక్కడికి పోయిందో నాకు తెలుసు." ఆవిడ పొట్ట నిమురుకుంది. "అది నేను రాయను. కాబట్టి గడలు పోలేదు. పరీక్షలో ఖర్చయ్యాయి. పరీక్షకైతే తొమ్మిదో ఫారం. అధికారి సమక్షంలో జరిగి ఉండాలి."

"జరిగింది," అంది గ్లౌస్యా వెంటనే. "మీరే పోలీసు."

ఫారం నింపడం మొదలెట్టారు. ప్రదేశం, ఎ బ్లాకు పెరడు. వేడి, యూకలిప్టస్ దుంగలు, నాలుగు గంటలు, సన్నటి సెగ. తడి, గోనెలు, అరగంటకో బకెట్టు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని నీళ్ళు పోశారో గ్రూపులో నిమిషంతో సహా ఫొటోలున్నాయి. ఆ సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఏ ప్రయోగానికీ ఇంత చక్కటి రికార్డు లేదు.

"మేం చేసిన తప్పు తెలిసింది," అన్నాడు ఎవెరాల్దు ఉత్సాహంగా. "ఎండబెట్టకూడదు, పొడికొట్టకూడదు. పచ్చిగడ, తడి, నిదానంగా నాలుగు గంటలు. అంతే."

"అది నీ ఉద్దేశం. ఉద్దేశాలకి ఫారంలో గడి లేదు. తడి వల్లో, సెగ వల్లో, పొగ వల్లో, మరి దేనివల్లో ఎవరు చూడొచ్చారు? ఫలితం ఒప్పుకోవాలంటే ఇంకో మూడుసార్లు రావాలి. ఏ పరిస్థితీ మార్చకుండా."

"ఏ పరిస్థితీ అంటే?" అన్నాడు ఎవెరాల్దు.

మరిల్దా కళ్ళజోడు మీదుగా చూసింది. "ఏ పరిస్థితీ."

మోళ్ళు బతికాయి. మరుసటి జూన్ నాటికి వాటి నుంచి మళ్ళీ చిగిర్చిన కార్శి చెరకు ఏపుగా వచ్చింది. పెరడు చుట్టూ తాడు కట్టి, ఎవరూ రుచి చూడరాదని బోర్డు పెట్టి, మూడు శనివారాలు అర్లిందు గొంతు సవరించుకున్నాడు. మూడుసార్లూ ఎవెరాల్దు పారిపోయాడు. మూడుసార్లూ పట్టుకొచ్చారు. మూడుసార్లూ పాకం కారింది. జనీరా రెండో పెళ్ళి దాకా వచ్చింది, మూడోదానికి రాలేదు.

ఆ మూడోదానికి ముందు ఎవెరాల్దు ఒక అర్జీ పెట్టుకున్నాడు. ఆఖర్న ముద్దుపెట్టుకున్నప్పుడల్లా పెళ్ళికూతురి మీసం బుగ్గకి గుచ్చుకుంటోంది, ప్రయోగానికి దాంతో సంబంధం లేదు కనక గీయించేలా ఉత్తర్వు ఇప్పించమని. నాలుగు రోజులకి నలభై రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి నమస్కారంతోనే మొదలైంది.

"నమస్కారం. పరిస్థితులు మార్చడానికి వీల్లేదు."